పల్నాటి తక్కెడలో మన ఓటు

2024 నవంబరు మొదటివారంలో మా నరసరావుపేటలో ఏ నలుగురు ఆడవాళ్లు కలిసినా ఒకటే మాట. "పెన్సిల్వేనియా ఎటు పోయిద్దంట?" కొడుకో, కూతురో, అక్కచెల్లెళ్ల పిల్లలో అమెరికాలో లేని ఇల్లు మా వీధిలో తక్కువ. అందుకని ట్రంప్ గెలుస్తాడా, కమలా హారిస్ గెలుస్తుందా అన్నది మాకూ ఇంటి విషయమే అయిపోయింది. పిల్లల వీసాలు, ఉద్యోగాలు అన్నీ దాంతో ముడిపడి ఉన్నాయి కదా మరి!

ఎక్కడో ఏడు సముద్రాల అవతల ఉన్న పెన్సిల్వేనియా ఏ ఎన్నికలో ఎటు మొగ్గిందో గుక్కతిప్పుకోకుండా చెబుతున్నాం, బాగానే ఉంది. మన పల్నాడు ఇన్నేళ్లుగా ఎటు మొగ్గిందో చెప్పమంటే మనలో ఎంతమందిమి చెప్పగలం? నిజానికి పెన్సిల్వేనియాకి తీసిపోని కథ మనది. కాస్త ఓపిగ్గా వినండి.

తేలని రాష్ట్రాల సంగతి

ముందు అమెరికా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అక్కడ దేశం మొత్తం ఓట్లు కూడి అధ్యక్షుణ్ణి తేల్చరు. ఒక్కో రాష్ట్రానికి ఇన్ని ఓట్లని వాటా ఉంటుంది. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఒక్క ఓటు ఎక్కువ తెచ్చుకున్నవాళ్లకే ఆ వాటా మొత్తం దక్కుతుంది. కాలిఫోర్నియా ఎటు వేస్తుందో, అలబామా ఎటు వేస్తుందో చంటిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. ఎటూ తేలనివి 2024లో ఏడు రాష్ట్రాలు. వాటిలో పెద్దది పెన్సిల్వేనియా. దాని వాటా 19 ఓట్లు. 1992 నుంచి 2012 దాకా వరసగా ఆరుసార్లు డెమోక్రాట్లకే వేసిన ఆ రాష్ట్రం, 2016లో సుమారు 44 వేల ఓట్ల తేడాతో ట్రంప్ వైపు తిరిగింది. 2020లో బైడెన్ వైపు, 2024లో మళ్లీ ట్రంప్ వైపు. ఒహాయో అని ఇంకో రాష్ట్రం ఉంది. 1964 నుంచి 2016 దాకా పద్నాలుగు ఎన్నికల్లో అది ఎవరికి వేస్తే వాళ్లే అధ్యక్షులయ్యారు. 2020లో ఆ లెక్క తప్పింది. ఇక 2000లో ఫ్లోరిడాలో బుష్ గట్టెక్కింది 537 ఓట్లతో!

అభ్యర్థులంతా ఆ ఏడు రాష్ట్రాల చుట్టూనే ఎందుకు తిరుగుతారంటారా? పెళ్లిపిలుపులు గుర్తు తెచ్చుకోండి. పిలిచినా పిలవకపోయినా వచ్చే దగ్గరివాళ్లకి ఒక ఫోను చేసి సరిపెడతాం. వస్తారో రారో తెలియని వాళ్లింటికే కుంకుమభరిణె పట్టుకుని పనిగట్టుకుని వెళతాం. ఓటూ అంతే. ఖాయమైన ఓటు ఉన్న గుమ్మం ఎవరూ తొక్కరు.

అత్తగారి గుర్తుల లెక్క

ఇక మన కథ. మా అత్తగారికి డెబ్భై దగ్గరపడుతున్నాయి. పార్టీలు, చీలికలు, కూటములు ఆవిడకి పట్టవు. లెక్కంతా గుర్తులతోనే. ఆవిడ మొదటి ఓటు 1977లో. అప్పట్లో ఓటుకి ఇరవయ్యొక్కేళ్లు నిండాలి. పద్దెనిమిదికి తగ్గించింది 1989లో కదా! "ఆవూదూడ మీద గుద్దానమ్మాయ్" అంటారు. నిలబడింది కాసు బ్రహ్మానందరెడ్డిగారు. 1964 నుంచి 1971 దాకా ముఖ్యమంత్రిగా చేసిన మన ప్రాంతంవాడు. ఆ ఏడు ఉత్తరాదిలో కాంగ్రెసు తుడిచిపెట్టుకుపోయింది. ఇందిరాగాంధీయే ఓడిపోయింది. మన రాష్ట్రం మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెసుకే ఇచ్చింది. నరసరావుపేటా అందులో ఒకటి.

తర్వాత సైకిలు వచ్చింది. 1983లో ఎన్టీ రామారావుగారు, రెండు రూపాయలకి కిలో బియ్యం. 1984 డిసెంబరులో ఇందిరమ్మ హత్య తర్వాత దేశమంతా హస్తం అంటే, మన రాష్ట్రంలో 30 సీట్లు సైకిలుకి. నరసరావుపేటలో కాటూరి నారాయణస్వామిగారు గెలిచారు. "దేశమంతా అటుపోతే మేం ఇటొచ్చాం" అని అత్తగారు ఇప్పటికీ ఎంత గర్వంగా చెబుతారో!

1989లోనూ 1991లోనూ మళ్లీ హస్తం, కాసు వెంకట కృష్ణారెడ్డిగారు. 1996లో సైకిలు, కోట సైదయ్యగారు. 1998లో కొణిజేటి రోశయ్యగారు, 1999లో నేదురుమల్లి జనార్దనరెడ్డిగారు, 2004లో మేకపాటి రాజమోహనరెడ్డిగారు, ముగ్గురూ హస్తమే. 2009లో మోదుగుల వేణుగోపాలరెడ్డిగారు, 2014లో రాయపాటి సాంబశివరావుగారు, సైకిలు. 2019లో ఫ్యాను, లావు శ్రీకృష్ణదేవరాయలుగారు. 2024లో మళ్లీ సైకిలు, మళ్లీ ఆయనే!

ఐదూ... ఐదూ... ఒకటీ

ఈ జాబితా అంతా ఒక కాగితం మీద రాసుకుని నేను లెక్కపెట్టాను. 1984 నుంచి 2024 దాకా పదకొండు లోక్‌సభ ఎన్నికలు. సైకిలు ఐదుసార్లు, హస్తం ఐదుసార్లు, ఫ్యాను ఒకసారి. తక్కెడ పట్టుకుని తూచినట్టు లేదూ?

"గాలి ఎటు వీస్తే అటు పోతారు పల్నాడు జనం" అనేవాళ్లు ఉంటారు. వాళ్లకి ఈ కాగితం చూపించాలి. 1999లో రాష్ట్రమంతా సైకిలు గెలిస్తే నరసరావుపేట ఎంపీ సీటు హస్తానికి పోయింది. 2009లో రాష్ట్రంలో హస్తం రెండోసారి గద్దెనెక్కితే ఇక్కడ సైకిలు గెలిచింది. రెండుసార్లూ గాలికి ఎదురే కదా! బయటిజిల్లా వాళ్లని కాదనే పట్టుదలా లేదు, ఔననే మొహమాటమూ లేదు. నెల్లూరువాళ్లయిన జనార్దనరెడ్డిగారినీ రాజమోహనరెడ్డిగారినీ గెలిపించిన ఓటరే, 2024లో నెల్లూరు నుంచి వచ్చిన అనిల్‌కుమార్ యాదవ్‌గారిని లక్షన్నరకు పైగా ఓట్ల తేడాతో వెనక్కి పంపింది. అన్నట్టు, బ్రహ్మానందరెడ్డి, జనార్దనరెడ్డి, రోశయ్యగార్లు... ముగ్గురు ముఖ్యమంత్రులు ఏదో ఒక కాలంలో ఈ సీటు నుంచి లోక్‌సభకి వెళ్లినవాళ్లే.

అసెంబ్లీ లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. నరసరావుపేట అసెంబ్లీ సీటుని కోడెల శివప్రసాదరావుగారు 1983 నుంచి 1999 దాకా వరసగా ఐదుసార్లు సైకిలు మీద గెలుచుకున్నారు. 1989లో, 1999లో ఆయన ఎమ్మెల్యేగా గెలిచిన ఎన్నికల్లోనే ఎంపీ సీటు హస్తానికి దక్కింది. 

గురజాల, మాచర్ల సంగతి చూడండి. పల్నాటి కథలో నలగామరాజుది గురజాల, మలిదేవరాజుది మాచర్ల. 2009లోనూ 2014లోనూ అచ్చం అలాగే జరిగింది. గురజాల సైకిలుకి ఓటేస్తే, మాచర్ల మొదటిసారి హస్తానికి, రెండోసారి ఫ్యానుకి వేసింది. ఆ మాచర్లే 2004 నుంచి 2019 దాకా ఒకే కుటుంబం వైపు నిలబడి, 2024లో తిరగబడింది. 2019లో ఈ పార్లమెంటు పరిధిలోని ఏడు అసెంబ్లీ సీట్లకు ఏడూ ఫ్యానువి. ఐదేళ్లు తిరిగేసరికి ఏడుకు ఏడూ సైకిలువి.

మరి ఎంపీ సంగతేమిటి? 2019లో ఫ్యాను గుర్తు మీద లావు శ్రీకృష్ణదేవరాయలుగారి మెజారిటీ లక్షా 53 వేల చిల్లర. 2024లో సైకిలు గుర్తు మీద లక్షా 59 వేల చిల్లర. మనిషి అతనే, గుర్తు మారింది, మెజారిటీ మాత్రం దాదాపు అంతే. ఓటరు మనిషిని చూసిందా, గుర్తును చూసిందా, పోటీకి వచ్చిన ఎదుటివాళ్లను చూసిందా? దాన్ని తేల్చలేకే కదా టీవీల్లో అన్ని గంటలు చర్చలు పెట్టేది!

ఊరికే మొగ్గదు

మా అత్తగారిని అడిగాను, "ఇన్నిసార్లు ఇటూ అటూ ఎందుకు మార్చారత్తయ్యా?" అని. ఆవిడ పప్పు రుబ్బుకుంటూనే చెప్పారు. "బియ్యం ఇస్తానన్నాడు, వేశాం. సారా పోవాలన్నాం, వేశాం. కరెంటు బిల్లు కట్టలేక చస్తుంటే మాఫీ అన్నాడు, వేశాం. పని చేసినన్నాళ్లు ఉంచాం, చెయ్యకపోతే దించాం. కూలికి పెట్టుకున్న మనిషిని అడిగినట్టే గదమ్మా!"

ఆ మాటల వెనక పెద్ద చరిత్రే ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు లేవదీసిన సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారాని నిషేధించారు. 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం అన్న మాటకు ఆడవాళ్లు ఓట్లేశారు. ఆ ఏడు నరసరావుపేట, గురజాల, మాచర్ల మూడూ సైకిలువే. నిషేధం 1995 జనవరిలో అమల్లోకి వచ్చి, 1997లో సడలిపోయింది. మాట మీద నిలబడనివాళ్లని మర్చిపోకుండా ఉండటం కూడా ఓటులో భాగమేనని మా అత్తగారి సిద్ధాంతం.

ఒక్కో ఓటు ఎంత?

నాకు ఓటొచ్చాక జరిగిన మొదటి ఎన్నిక 2009ది. ఆ ఎన్నికలో నరసరావుపేట ఎంపీ మెజారిటీ ఎంతో తెలుసా? 1,607. రెండువైపులా చెరో నాలుగున్నర లక్షలకు పైన ఓట్లు పడితే తేడా అంతే! ఏడు నియోజకవర్గాలకూ పంచితే ఒక్కోదానికి 230 ఓట్లు కూడా రావు. 2014లో సత్తెనపల్లిలో కోడెలగారు గెలిచింది 924 ఓట్లతో. ఆ గెలుపుతోనే విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి మొదటి స్పీకరయ్యారు. 2004లో చిలకలూరిపేటలో మర్రి రాజశేఖర్‌గారు ఇండిపెండెంటుగా గెలిచింది 212 ఓట్లతో. మిరపకోతలకు పొద్దున్నే బయల్దేరే నాలుగైదు ట్రాక్టర్ల ఆడకూలీలు ఉంటారే, అంతమంది!

"నా ఒక్క ఓటుతో ఏమొచ్చిందిలే, ఎండలో ఎక్కడ నిలబడను" అనే వదినలకు, పిన్నులకు ఈ మూడు అంకెలూ చెప్పండి. ఫ్లోరిడా 537 కంటే మన చిలకలూరిపేట 212 చిన్నది.

తూకం తేలకపోతే...

ఇంత హోరాహోరీ తూకానికి ఒక చెడ్డవైపు కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి పల్నాటి పౌరుషమని చంకలు గుద్దుకోవడం నాకిష్టం లేదు. ఎక్కడ తేడా చిన్నదో అక్కడ ఒక్కో బూతుకి విలువ పెరుగుతుంది. అమెరికాలోనైతే అలాంటి చోట డబ్బు కుమ్మరించి టీవీ ప్రకటనలతో హోరెత్తిస్తారు. మన దగ్గర డబ్బూ ఉంటుంది, దాంతోపాటు కర్రలూ రాళ్లూ బయటికొస్తాయి. 

2021 మార్చిలో మున్సిపల్ ఎన్నికలు జరిగినప్పుడు మాచర్లలో, పిడుగురాళ్లలో ఒక్క వార్డులోనూ పోటీ లేదు. మొత్తం ఏకగ్రీవం. అందుకు కారణమేమిటన్న దానిమీద ఎవరి వాదన వాళ్లది. ఆ వాదనల్లోకి నేను పోను. మాచర్లలో ఉంటున్న మా చెల్లెలు మాత్రం ఫోనులో ఒకే మాట అంది. "అక్కా, వేరే ఊళ్లల్లో వేలికి సిరా పెడుతున్నారు. నా కార్డు బీరువాలోనే ఉంది." అమెరికాలో ఖాయమైన రాష్ట్రంలో కూడా ఆడవాళ్లు వెళ్లి ఓటు వేసే వస్తారు. ఓడిపోయే పార్టీకి వేస్తారు, కానీ వేస్తారు. అసలు వేసే అవకాశమే రాకపోవడం వేరే సంగతి.

ఆ తర్వాత 2024 మే 13. మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో ఓటు యంత్రాన్ని నేలకేసి కొట్టిన దృశ్యం వెబ్ కెమెరాకి చిక్కి దేశమంతా చూసింది. గొడవలు ఎంత ముదిరాయంటే, ఎన్నికల సంఘం పల్నాడు ఎస్పీని సస్పెండు చేసి కలెక్టరుని బదిలీ చేసింది. కౌంటింగు దాకా మా పిల్లల్ని సాయంత్రం ఆరు దాటితే గడప దాటనివ్వలేదు. దుకాణాలు మూసేస్తారని పాలపొడి డబ్బాలు కొనిపెట్టుకున్న ఇళ్లెన్నో.

అయితే ఆ రోజు ఇంకో సంగతి కూడా జరిగింది, అది టీవీల్లో అంతగా కనిపించలేదు. పల్నాడులో పోలింగు 85 శాతం దాటింది. రాష్ట్రం సగటు 81.86. రాళ్లు పడతాయని తెలిసీ, ఎండ మండుతుందని తెలిసీ జనం బూతులకి వచ్చారు. ఆ వరసల్లో కొంగు నెత్తిన కప్పుకుని, నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లెంతమందో! పౌరుషం అన్న మాటకి కారెంపూడి యుద్ధమే చెప్పాలా? ఇది చాలదూ?

నాగమ్మ తర్వాత ఎవరు?

పన్నెండో శతాబ్దంలోనే పల్నాడు ఒక ఆడదాన్ని మంత్రిని చేసింది, నాయకురాలు నాగమ్మని. యుద్ధం నింద మాత్రం ఆమె నెత్తినే రుద్దింది, అది వేరే సంగతి. ఓట్ల కాలంలోకి వస్తే మన లెక్క అంత తీసిపోయిందేమీ కాదు. వినుకొండ నుంచి భవనం జయప్రదగారు, సత్తెనపల్లి నుంచి 1983లో సైకిలు గుర్తు మీద, వినుకొండ నుంచి 1989లో హస్తం గుర్తు మీద నన్నపనేని రాజకుమారిగారు, చిలకలూరిపేట నుంచి 1989లో కందిమళ్ల జయమ్మగారు, సత్తెనపల్లి నుంచి 1994లో సీపీఎం తరఫున పుతుంబాక భారతిగారు, మాచర్ల నుంచి 1999లో జూలకంటి దుర్గాంబగారు, చిలకలూరిపేట నుంచి 2019లో విడదల రజనిగారు. ఆవిడ 2022లో మంత్రి కూడా అయ్యారు.

కానీ నరసరావుపేట లోక్‌సభ సీటు నుంచి ఇంతవరకూ ఒక్క ఆడమనిషి ఢిల్లీ వెళ్లలేదు. పార్టీలు మారాయి, గుర్తులు మారాయి, ఇది మారలేదు. చట్టసభల్లో మూడోవంతు సీట్లు ఆడవాళ్లకని 2023లో చట్టం చేశారు. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని అందులోనే రాసుకున్నారు. ఏ పార్టీ వాళ్లు గుమ్మంలోకి వచ్చినా, "మీరు మాకు ఏమిస్తారు?" అన్న ప్రశ్నతో పాటు "మాలో ఎవరికి టిక్కెట్టిస్తారు?" అని కూడా అడగాలి. తేలని ఓటుకున్న హక్కది.

పేరు చెప్పని ఆడవాళ్లు

1951-52లో మొదటి సార్వత్రిక ఎన్నికలప్పుడు దేశంలో సుమారు 28 లక్షలమంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యననో, ఫలానావారి కూతురిననో రాయించారు. అలాంటివి కుదరవని వాళ్లందరినీ జాబితా నుంచి తీసేశారు. ఆ అమ్మమ్మలు ఓటు లేకుండానే ఆ ఎన్నిక చూశారు. మనకిప్పుడు సొంత పేరుంది, ఫోటో కార్డుంది. రాష్ట్రంలో మగ ఓటర్లకన్నా మనమే ఎక్కువ.

అయినా "మన ఇంట్లో ఓట్లన్నీ ఫలానావాళ్లకే" అని మగవాళ్లు హామీ ఇచ్చేసి వస్తుంటారు, మనల్ని అడక్కుండానే. వాకిట్లో నిలబడి గొడవ పడక్కర్లేదు. ఆ అట్టపెట్టె చాటున మీరు ఏ మీట నొక్కారో మీవారికీ తెలియదు, మీ మామగారికీ తెలియదు, కవరు ఇచ్చి పసుపుబియ్యం మీద ఒట్టేయించుకున్నవాడికీ తెలియదు. పక్కనున్న వీవీప్యాట్‌లో చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది, అదీ మీకొక్కరికే. భయపెట్టి పుచ్చుకున్న మాటకి కట్టుబడి ఉండాలని ఏ దేవుడూ చెప్పడు.

ఇంకొక్క పని మిగిలింది. మనలో చాలామంది ఓటు పెళ్లయ్యాక కూడా పుట్టింటి జాబితాలోనే ఉండిపోతుంది. పోలింగు రోజున ఇక్కడ పేరుండదు, అక్కడికి పోలేం. ఇల్లు మారితే ఫారం 8, కొత్తగా పద్దెనిమిది నిండిన ఆడపిల్లకి ఫారం 6. అనుమానముంటే 1950 నంబరుకి ఫోను చెయ్యండి. మీ వీధి బీఎల్వో ఎవరో కనుక్కోండి. ఎన్నికల ముందు రద్దీలో కాదు, ఈ వారంలోనే, ఆవకాయ జాడీకి వాసెన కట్టినంత శ్రద్ధగా ఈ పని చేసెయ్యండి. 212 ఓట్లతో, 924 ఓట్లతో సీట్లు తేలిన చోట ఉన్నాం మనం. జాబితాలో లేని పేరు ఏ తక్కెడలోనూ తూగదు.